ఆడవాళ్ళ బ్యాచ్ అయిపోయాక

కమ్యూనిటీ హాలు, పార్కు
ఎండలు మొదలైన వారం

చిట్టీ,

పరీక్షల రోజులు కదా, మీ హాస్టల్ పిల్లలు నిన్ను కూర్చోనివ్వరని తెలుసు. అయినా రాస్తున్నాను. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, మీ వరండాలో ఫోన్ మోగితే పిల్లలందరి చెవులూ అటే తిరుగుతాయని నువ్వే అన్నావు. ఇది వాళ్ళు వినే మాట కాదు.

పార్కులో స్విమ్మింగ్ పూల్ మళ్ళీ తెరుస్తున్నారు.

మూసి పదేళ్ళు దాటింది. ఆ గోడ మీద తీగలు అల్లుకుపోయి, లోపల ఒక పూల్ ఉందన్న సంగతే కొత్తవాళ్ళకి తెలియదు. ఇప్పుడు తీగలు కొట్టేశారు, అడుగున కొత్త టైల్స్ పరిచారు, గేటుకి నీలం రంగు వేశారు. నిన్న మా సూపర్‌వైజర్ నా టేబుల్ దగ్గరకొచ్చి, "సాయంత్రం ఒక గంట ఆడవాళ్ళ బ్యాచ్ పెడుతున్నాం మేడమ్. ఆ టైములో ఆడమనిషే ఉండాలట. మీ హాలు పక్కనే కదా, కాస్త చూసుకోండి" అన్నాడు. కుర్రవాడు, ఈ మధ్యే బదిలీ మీద వచ్చాడు. ఆ పూల్‌కి ఒకప్పుడు లైఫ్‌గార్డు ఎవరో, వారం సెలవు రోజున గోడ సందులోంచి దూరి మునిగిపోయిన పాపని నీళ్ళలోంచి ఎత్తి గట్టున పడుకోబెట్టింది ఎవరో, అతనికెలా తెలుస్తుంది?

నేనూ చెప్పలేదు. సరేనన్నాను.

ఎందుకన్నానో తెలియదు చిట్టీ. మీ అన్నయ్య పోయిన తరవాత ఈ ఉద్యోగం ఇచ్చినప్పటి నుంచీ హాల్లోనే నా పని. పొద్దున పెద్దవాళ్ళ వ్యాయామం, మధ్యాహ్నం పిల్లల బొమ్మల క్లాసు, సాయంత్రం టేబుల్ టెన్నిస్ వాళ్ళ తగాదాలు. కిటికీలోంచి ఆ గోడ కనబడుతూనే ఉంటుంది. కుర్చీ మాత్రం అటు తిప్పుకునేదాన్ని కాదు. ఆయన పోయింది గుండె ఆగి అని డాక్టరు రాశాడు. ఆయన గుండె ఆ గట్టు మీదే ఆగిందని మనిద్దరికీ తెలుసు. తరవాత ఆయన మొక్కలకి నీళ్ళు పట్టే పని చేసిన రోజులన్నీ ఊరికే నడిచిన రోజులే.

సరే, చూద్దాం. నీ మోకాలు నొప్పి ఎలా ఉంది?

నీ వదిన


బాలికల హాస్టల్, వార్డెన్ గది

వదినా,

మోకాలు బానే ఉంది, మెట్లెక్కినప్పుడు నన్ను తిడుతుంది, దిగినప్పుడు నేను దాన్ని తిడతాను.

నువ్వు ఆ పని ఒప్పుకోకుండా ఉండాల్సింది. ఒంట్లో బాలేదనో, ఈత రాదనో ఏదో ఒకటి చెప్పు. ఈత రాదన్నది నిజమే కదా. లైఫ్‌గార్డు పెళ్ళానివై ఉండి బకెట్ నీళ్ళు దాటి ఎప్పుడూ దిగలేదు. మా అన్నయ్య నిన్ను ఎంత ఏడిపించేవాడో గుర్తుందా, "మా ఆవిడకి వాన కూడా లోతే" అని.

తప్పదంటే నా మాట ఒకటి విను. బ్యాచ్ అవగానే అందరితో పాటు బయటికొచ్చి తాళం వేసెయ్యి. ఒక్కదానివీ అక్కడ కూర్చోకు. ఎందుకని అడగకు. చిన్నదాన్నైనా ఈ ఒక్కటీ నీ చేత ఒట్టు వేయించుకుంటున్నాననుకో.

ఇక్కడ వంటామె మానేసింది. రెండు రోజులుగా నేనే గరిటె తిప్పుతున్నాను. పిల్లలు ఏమీ అనట్లేదు, అదే భయంగా ఉంది.

చిట్టి


పార్కు, పూల్ పక్క గది

చిట్టీ,

పూల్ తెరిచి మూడు వారాలైంది. నీకు నవ్వొచ్చేవి ముందు చెప్తాను.

మా బ్యాచ్‌లో ఒక బ్యాంకు మేనేజరమ్మ ఉంది. ఆఫీసులో ఆవిడంటే అందరికీ హడలట. ఇక్కడ నడుము లోతులో నిలబడి రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, "కోచ్ గారూ, వదలమనకండి, వదలమనకండి" అని పాటలా అంటూ ఉంటుంది. ఇంకొక పెద్దావిడ, మనవరాలిని చేర్పించడానికి వచ్చి తనే చేరిపోయింది. ఈత కొట్టదు. ఈ చివరి నుంచి ఆ చివరికి నీళ్ళలో నడుస్తూ, కోడలి మీద చాడీలు చెబుతుంది. నీళ్ళలో చెబితే బయటికి వినబడదనుకుంటుంది గానీ నీళ్ళ మీద మాట ఎంత దూరం పోతుందో ఆవిడకి తెలియదు. కోచ్ చిన్నపిల్ల. గంట అవగానే బ్యాగు భుజాన వేసుకుని ఇంకో చోట క్లాసుకి పరిగెడుతుంది.

వాళ్ళందరూ వెళ్ళాక నేను పైపుతో గట్టు కడిగి, తుడుపుకర్రతో ఆరబెట్టి, కాసేపు బల్ల మీద కూర్చుంటాను. నీ ఒట్టు తీసి గట్టున పెట్టానని కోపం తెచ్చుకోకు. ఎందుకు కూర్చుంటున్నానో చెప్తాను.

మొదటి వారంలోనే ఒకరోజు, గట్టంతా పొడిగా ఉంది, నేనే తుడిచాను. ఇంకా బాగా వెలుగుంది. నీళ్ళు కదలడం లేదు. చూస్తుండగా తక్కువ లోతు వైపు మెట్ల దగ్గర తడి అడుగొకటి పడింది. తరవాత ఇంకొకటి. చప్పుడు లేదు, మనిషి లేదు. ఒక్కొక్క అడుగే నా వైపు వచ్చాయి. నేను కూర్చున్న బల్ల ముందు ఆగాయి. నేను లేవలేదు. అలాగే చూస్తూ కూర్చున్నాను. గచ్చు వేడికి అవి అంచుల నుంచి ఆరిపోతూ, వేళ్ళు మాత్రం కాసేపు మిగిలి, అవీ పోయాయి.

మర్నాడు మళ్ళీ వచ్చాయి. ఆ మర్నాడూ.

నాకు భయం లేదు చిట్టీ. మీ అన్నయ్యకి ఆ చోటంటే ప్రాణం. పూల్ వదిలాక ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా దగ్గర కూర్చుని పట్టుమని పది మాటలు మాట్లాడలేదు, ఇప్పుడు వచ్చి నా ఎదురుగా నిలబడుతున్నారేమో. సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూస్తున్నాను. పొద్దున వ్యాయామం వాళ్ళు కూడా అడిగారు, ఏమిటి మేడమ్ ఈ మధ్య ముఖం కళకళలాడుతోందని.

నీ వదిన


బాలికల హాస్టల్

వదినా,

నీ ఉత్తరం చదివి బయటికెళ్ళి వరండాలో చాలాసేపు నిలబడ్డాను. నీకు మతి చెడిందని నేననుకోవడం లేదు. అది ముందు నమ్ము.

ఒక్క ప్రశ్న. మా అన్నయ్య కాలు నీకు తెలుసు, నాకూ తెలుసు. ఏ షాపులోనూ చెప్పులు దొరికేవి కాదు. పెళ్ళికి బూట్లు కుట్టించడానికి నాన్న నాలుగు వీధులు తిరిగాడు. పైగా ఎడమ పాదం పక్కకి పడేది, ఇసకలో నడిస్తే ఎవరి అడుగులో ఇంటిల్లిపాదీ చెప్పేవాళ్ళం.

నువ్వు రెండు కాగితాల నిండా రాశావు. ఆ అడుగులు ఎంత ఉన్నాయో రాయలేదు.

ఎంత ఉన్నాయి వదినా?

చిట్టి


పార్కు

చిట్టీ,

చిన్నవి.

నా జానలో ఇమిడిపోతాయి. మొదటి రోజే చూశాను. మొదటి రోజే తెలుసు. నీకు రాసేటప్పుడు మీ అన్నయ్య అని రాస్తే నువ్వూ సంతోషిస్తావు, నన్నూ కదపవు అనుకున్నాను.

ఇప్పుడు నువ్వు రాయబోయేది నాకు తెలుసు. రాయకు. నేను ఎవరికీ హాని చెయ్యడం లేదు. బల్ల మీద పక్కకి జరిగి చోటు ఇస్తాను. రోజంతా హాల్లో ఏం జరిగిందో చెప్తాను. బొమ్మల క్లాసులో ఒకడు సూర్యుడికి మీసాలు పెట్టాడని చెప్తే, ఆ రోజు అడుగులు మామూలు కన్నా ఎక్కువసేపు ఆరలేదు. నవ్విందనే అనుకున్నాను. గచ్చు కాలుతుంటుందని రబ్బరు చెప్పులు ఒక జత కొని బల్ల కింద పెట్టాను. ఎర్రవి.

నాకు రెండుసార్లు కడుపు పోయిందని అందరికీ తెలుసు. ఆ రెండోసారి తరవాత ఇంట్లో చిన్నపిల్లల వస్తువన్నదే కొనలేదు నేను. షాపులో ఆ చెప్పులు చేతిలోకి తీసుకున్నప్పుడు, "మీ పాపకా?" అని షాపతను అడిగాడు. అవునన్నాను.

దీన్ని నాకు వదిలెయ్యి చిట్టీ. నా కోసం వస్తోంది. అన్ని చోట్లూ ఉండగా నా బల్ల దగ్గరికే వస్తోంది.

నీ వదిన


బాలికల హాస్టల్

వదినా,

ఇది రాయడానికి కూర్చుని ఆరుసార్లు లేచాను. అన్నయ్య నన్ను ఎవరికీ చెప్పొద్దన్నాడు. వాడు బతికున్నన్నాళ్ళూ ఆ మాట నిలబెట్టుకున్నాను, పోయాక కూడా. ఇప్పుడు చెప్పకపోతే వాడు చెప్పొద్దన్నదానికి అర్థమే లేకుండా పోతుంది.

పాప పోయిన తరవాత రెండు నెలల పాటు పూల్ నడిచింది, గుర్తుందా? ఆ తరవాత అన్నయ్యే వెళ్ళి, నన్ను ఇక్కడి నుంచి తీసెయ్యండి, మొక్కల పని ఇవ్వండి అని బతిమాలాడు. పరువు పోయి తప్పుకున్నాడని లోకం అనుకుంది. నువ్వూ అలాగే అనుకున్నావు. అది కాదు. వాడికి ఆ అడుగులు కనబడ్డాయి.

అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. నీకు రెండోసారి కడుపు పోయింది అప్పుడే, నువ్వు మంచం మీద ఉన్నావు. "దానికి ఇది చెప్పకు చిట్టీ, చిన్నపిల్ల అంటేనే తట్టుకోలేదు" అన్నాడు. ఇక్కడే, ఈ గదిలో, నా కుర్చీలో కూర్చుని చెప్పాడు. మొదట్లో వాడూ నీలాగే అనుకున్నాడట, తన కోసమే వస్తోందని. తను ఆలస్యంగా వచ్చానని అడగడానికి వస్తోందనుకున్నాడు. రోజూ వంగి క్షమించమని చెప్పేవాడట. ఒకరోజు వంగినప్పుడు సరిగా చూశాడు.

"నా వైపు కాదే. చివరి అడుగు ఎప్పుడూ గేటు వైపు తిరిగి ఉంటుంది. గేటు తెరుచుకుని వాళ్ళమ్మ వస్తుందని చూస్తోంది. నేను అడ్డంగా కూర్చున్నానంతే."

వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాలని ఎన్నోసార్లు బయల్దేరాడట. ఆ వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చేవాడు. ఏ తల్లికైనా ఏమని చెప్తాం వదినా? ఇంతలో పూల్ మూసేశారు.

నా దగ్గర నలభైమంది పిల్లలున్నారు. సెలవులకి ముందు రోజు సాయంత్రం వీళ్ళని చూడాలి నువ్వు. నాతో కబుర్లు చెబుతారు, నా కొంగు పట్టుకుంటారు, ఎవరు పిలిచినా పలుకుతారు. కానీ నిలబడేది మాత్రం గేటు వైపు తిరిగే.

రేపు చూడు. నీకు కనబడింది కనబడినట్టు నీ మనసుకైనా చెప్పుకో.

చిట్టి


పార్కు, పూల్ పక్క గది
తొలకరి వానలు

చిట్టీ,

నెలన్నర నీకు రాయలేదు. నీ మీద కోపంతోనే. అది దాచి లాభం లేదు.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే చూశాను. కళ్ళజోడు తుడుచుకుని, కిందికి వంగి, చూశాను. చిన్న చిన్న వేళ్ళు, అయిదూ స్పష్టంగా, గేటు వైపు. మడమ నా వైపు ఉంది. ఇన్నాళ్ళూ నేను దాని వెనక కూర్చుని మాట్లాడుతున్నాను.

బల్ల జరిపి చూశాను. ఒక సాయంత్రం గట్టుకి అవతలి కొసన, గేటుకి దూరంగా వేశాను. అడుగులు ఎప్పుడూ వచ్చే చోటికే వచ్చి, ఎప్పుడూ తిరిగే వైపే తిరిగాయి. అప్పుడు నీకు రాయాలనిపించలేదు. నీ ఉత్తరం చింపేశాను కూడా.

వాళ్ళమ్మ ఎవరో నీకు తెలుసు. పార్కు వెనక వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ. ఇన్నేళ్ళుగా నా చీరలు రెండు వీధులు మోసుకెళ్ళి ఇంకెక్కడో ఇస్తాను గానీ ఆ గుమ్మం ముందు నుంచి నడవలేదు. మొన్న వాన తెరిపిచ్చాక, ఒక చీర సంచిలో పెట్టుకుని వెళ్ళాను.

ఆవిడ వయసు నా వయసే. జుట్టు మొత్తం తెల్లబడింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, చీర అందుకుని, మడత విప్పుతూ, "లైఫ్‌గార్డు గారి ఇల్లాలు కదూ మీరు" అంది.

నేను తలాడించాను.

"ఆయన పోయారని తెలిసింది. రావాలనుకున్నాను. ఆ రోజు ఆసుపత్రిలో ఆయన చొక్కా పట్టుకుని గుంజి, నా పిల్లని నాకివ్వమని అడిగాను. ఆయన చొక్కా విడిపించుకోలేదు. ఆ చేతులతో మీ గుమ్మంలోకి ఎలా వస్తాను?"

ఆవిడ మళ్ళీ పెట్టె అందుకుని చీర మీద నడిపింది. తరవాత నేను చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. మొదలుపెట్టినప్పుడు చీర సగం ఇస్త్రీ అయింది, అయిపోయేసరికి చల్లారిన పెట్టె మీద ఆవిడ చెయ్యి అలాగే ఉంది. నన్ను తరుముతుందనుకున్నాను. పిచ్చిదానివా అంటుందనుకున్నాను.

"సాయంత్రం ఎప్పుడు?" అంది.

"ఆడవాళ్ళ బ్యాచ్ అయిపోయాక."

ఆ రోజే వచ్చింది. చంకలో మడతపెట్టిన తువ్వాలు ఒకటి తెచ్చుకుంది. బ్యాంకు మేనేజరమ్మ వెళుతూ, "కొత్తగా చేరారా? భయపడకండి, నేనే నేర్చుకుంటున్నాను" అని ఆవిడకి ధైర్యం చెప్పింది. అందరూ వెళ్ళాక గట్టు తుడిచి, వచ్చి పక్కన కూర్చున్నాను. బల్ల కింద ఎర్ర చెప్పులు ఆవిడ చూడనే చూసింది. ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఒక సైజు తక్కువ తీసుకోవాల్సింది" అంది.

ఆ మాటకి నాకు లోపల ఎక్కడో తెగిపోయింది చిట్టీ. అంతవరకూ ఆ పాప నాకు పాదాలే. ఆవిడకి సైజు తెలుసు.

అడుగులు వచ్చాయి. మెట్ల దగ్గర మొదటిది పడగానే ఆవిడ లేచి నిలబడింది. నేను చూపించక్కర్లేదు, చెప్పక్కర్లేదు. గేటు దగ్గరికి వెళ్ళి, అక్కడ నిలబడి, తువ్వాలు విప్పి రెండు చేతులతో వెడల్పుగా పట్టుకుంది, పిల్లలు స్నానం చేసి వస్తే పట్టుకుంటామే, అలా.

"ఎంతసేపే నీళ్ళలో. పెదాలు నీలమైపోయి ఉంటాయి. రా బుజ్జమ్మా, తల తుడుస్తాను" అంది. కేకెయ్యలేదు, ఏడవలేదు. రోజూ పిలిచే గొంతే.

అడుగులు బల్ల దగ్గర ఆగలేదు. ఎప్పుడూ ఆగే చోటు దాటి, గచ్చు మీద గబగబా పడ్డాయి. ఒకదానికొకటి దూరం పెరిగింది. పరిగెడితే పడే అడుగులు అవి. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని తువ్వాలు దగ్గరికి లాక్కుంది. చేతుల మధ్య ఏమీ లేదు, నా కళ్ళకి. ఆవిడ మాత్రం తల తుడిచింది, చెవుల వెనక తుడిచింది, వేళ్ళ సందులు తుడిచింది. మెల్లిగా ఏదో చెబుతూనే ఉంది, నాకు వినబడలేదు, వినబడకూడదనే నేను అటు తిరిగి నిలబడ్డాను.

చాలాసేపటికి లేచి, తువ్వాలు నా చేతికిచ్చింది. పిండాను. నీళ్ళు కారాయి చిట్టీ. పూల్ నీళ్ళ వాసన.

నీ వదిన


బాలికల హాస్టల్

వదినా,

నువ్వు చింపేసినా నాకేం బాధ లేదు.

తరవాత ఏమైందో రాయలేదు. అడుగులు మళ్ళీ వచ్చాయా? అంతకన్నా ముందు, నువ్వెలా ఉన్నావు? ఆవిడ గురించి రాశావు, పాప గురించి రాశావు. ఆ గట్టు మీద ఇంకొక మనిషి కూడా ఉంది కదా.

సెలవు పెట్టి ఇక్కడికి వచ్చెయ్యి. కొత్త వంటామె కుదిరింది, నీకు నా చేతి వంట ప్రమాదం లేదు. వచ్చి కొన్నాళ్ళు ఉండు. ఆ తరవాత సంగతి తరవాత.

చిట్టి


పార్కు

చిట్టీ,

రాలేదు. మర్నాడు ఇస్త్రీ ఆవిడ నాతో పాటు కూర్చుంది, ఆ మర్నాడూ కూర్చుంది. గట్టు పొడిగా ఉండిపోయింది. మూడో రోజు ఆవిడ, "ఇక రాదులెండి. నిద్రపోయి ఉంటుంది" అని లేచింది. పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని, ఎర్ర చెప్పుల కేసి చూసి, "ఇవి మీ దగ్గరే ఉంచుకోండి" అంది. ఆ చెప్పులు నాకేమిటో ఆవిడకి తెలిసిపోయింది. ఇప్పుడు నా చీరలు అక్కడే ఇస్తున్నాను. మేము పెద్దగా మాట్లాడుకోం.

మంచే జరిగింది. మీ అన్నయ్య చెయ్యలేకపోయింది నేను చేశానని నువ్వంటావు, నేనూ అదే అనుకుంటాను. పగలంతా అలాగే అనుకుంటాను.

సెలవుకి అర్జీ ఇచ్చాను. సూపర్‌వైజర్ సరేనన్నాడు. వచ్చే వారం బయల్దేరతాను. నీ గదిలో ఇంకో మంచానికి చోటు చెయ్యి.

ఒకటి రాసి ఆపేస్తాను. నిన్న అందరూ వెళ్ళాక, తుడవడం అయ్యాక, గట్టు అంత పొడిగా ఉండటం నేను చూడలేకపోయాను. చెప్పులు విడిచి మెట్లు దిగి, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడ్డాను. ఎక్కి వచ్చి, బల్ల దాకా నడిచి, వెనక్కి తిరిగి చూసుకున్నాను. పెద్ద అడుగులు. మడమలు పగిలిన పాదాలు, ఎవరూ పొరబడరు. అవి ఒక్కొక్కటే ఆరిపోయేదాకా అక్కడే నిలబడి, తరవాత గేటుకి తాళం వేసి వచ్చాను.

నీ వదిన